కొలిమికి మూడు షిఫ్టులు, అడవికి నాలుగు నెలలు

(శంకర్ గుహా నియోగి జయంతి నాడు, ఫిబ్రవరి 14న, భిలాయిలో తెలుగువారి సభలో చేసిన స్మారకోపన్యాసం)



రేపు ఫిబ్రవరి 15. మన ఇళ్ళలో వేలాడే క్యాలెండర్లో ఆ తేదీకి ఏ ప్రత్యేకతా లేదు. ఛత్తీస్‌గఢ్ అటవీ శాఖ లెక్కలో మాత్రం రేపటి నుంచి జూన్ 15 వరకు అగ్నికాలం. కార్మిక నాయకుడు నియోగి పుట్టినరోజుకి మర్నాడే అడవికి మంటల కాలం మొదలవుతోంది. ఇది ఎవరూ అనుకుని కలిపింది కాదు. కానీ ఈ సభలో ఏం మాట్లాడతారని నిర్వాహకులు అడిగినప్పుడు నా మనసు ఈ రెండు తేదీల దగ్గరే ఆగిపోయింది.

నేను అటవీశాస్త్రం చదివినవాణ్ణి కాదు. ఈ భిలాయి ఉక్కు కార్ఖానాలో మెకానికల్ మెయింటెనెన్స్‌లో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ని ప్రారంభించినప్పుడు, శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన మా నాన్న ఇక్కడ మట్టి మోసే కూలీ. తర్వాత కోక్ ఓవెన్లలో చేరాడు. నియోగి గారి భిలాయి జీవితం కూడా కోక్ ఓవెన్లలోనే మొదలైంది. ఆయనతో నేరుగా మాట్లాడే భాగ్యం నాకు కలగలేదు. సభల్లో దూరం నుంచి విన్నాను, అంతే. 1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున ఆయనను ఇదే ఊళ్ళో, ఇంట్లో నిద్రపోతుండగా కాల్చి చంపారన్న కబురు నాకు ఫస్ట్ షిఫ్టు డ్యూటీకి వెళుతుంటే గేటు దగ్గర తెలిసింది.

మెయింటెనెన్స్ వాడికి ఒక్కటే చదువు. యంత్రం ఆగిపోయాక బాగుచెయ్యడం గొప్ప కాదు, ఆగకుండా చూడటం గొప్ప. బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిందంటే ఏళ్ళ తరబడి ఆరదు. దాని చుట్టూ మూడు షిఫ్టులూ మనిషి ఉంటాడు. దీపావళి నాడూ ఉంటాడు, ఇంట్లో పెళ్ళి ఉన్నా ఎవడో ఒకడు ఉంటాడు. నీళ్ళ ఒత్తిడి చూసేవాడు, గ్రీజు పెట్టేవాడు, చప్పుడు తేడా వస్తే చెవి నిక్కించేవాడు. కార్ఖానాకి సొంత ఫైర్ బ్రిగేడ్ ఉంది. నెలల తరబడి మంట లేకపోతే వాళ్ళ జీతం దండగ అని మనలో ఎవరమైనా ఎప్పుడైనా అన్నామా? మంట లేకపోవడమే వాళ్ళ పని అని మనకి తెలుసు.

మరి ఆ ఫర్నేస్‌లోకి వెళ్ళే రాయి ఎక్కడిది? ఇక్కడికి దాదాపు 90 కిలోమీటర్ల దూరంలోని దల్లీ-రాజ్‌హరా కొండలది. అక్కడ ఖనిజం తరిగిపోతోందని రావ్‌ఘాట్ అడవుల్లోకి 95 కిలోమీటర్ల రైలు మార్గం తలపెట్టారు. కార్ఖానా తాగే నీళ్ళు ఎక్కడివి? బాలోద్ దగ్గరి తాండులా, ధమ్తరి దగ్గరి గంగ్రేల్ జలాశయాలవి. రాయీ నీళ్ళూ రెండూ అడవిలోంచే వస్తున్నాయి. ఆ అడవిని కాసేవాడికి మాత్రం ఏడాదిలో నాలుగు నెలలే పని. చేతికి మంటను కొట్టే పచ్చి కొమ్మ, రోజుకూలి, వర్షం పడగానే ఇంటికి. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఈ తేడా గురించే.

రిటైరయ్యాక నాలుగైదు వేసవులు నేను దల్లీ వైపు కొండల్లో తిరిగాను. ఒక మార్చి నెలలో, ఇంకా పూర్తిగా వెలుతురు రాని వేళ, ఒక ఇప్పచెట్టు కింద ఒక గోండు అవ్వ కనబడింది. చెట్టు చుట్టూ నేల నల్లగా కాలి ఉంది. ఆ నలుపు మీద రాలిన పువ్వులు తెల్లగా, ముత్యాల్లాగా కనబడుతున్నాయి. బుట్టలోకి ఏరుకుంటోంది. నాకు వచ్చిన ఛత్తీస్‌గఢీలో అడిగాను, నిప్పెందుకు పెట్టావమ్మా అని. ఆమె తల ఎత్తకుండానే చెప్పింది: "ఆకుల్లో పడితే పువ్వు కనబడదు బేటా. ఊడిస్తే ఒక్క చెట్టుకి ఒక పూట పడుతుంది. నాకు ఏడు చెట్లున్నాయి. నాతో ఊడ్చడానికి వచ్చేవాళ్ళకి కూలి ఎవరిస్తారు?"

ఆ ఒక్క మాటలో నాకు విషయమంతా అర్థమైంది. నిప్పు కూలి అడగని కూలీ. అందుకే పేదవాళ్ళు దాన్ని పిలుచుకుంటారు.

మధ్య భారతదేశపు అడవుల్లో మంట అమెరికా సినిమాల్లోలాగా చెట్ల తలల మీద పరుగెత్తదు. నేల మీద పాకుతుంది. శిశిరంలో రాలిన ఆకు మందంగా పేరుకుంటుంది. ఇప్పపువ్వు కోసం పెట్టిన నిప్పు సాయంత్రం చిన్నగానే ఉంటుంది, రాత్రికి గాలి తిరిగితే పక్క గట్టు ఎక్కుతుంది. తునికాకుదీ అదే కథ. తునికి పొదని కాలిస్తే కొత్త చిగురు మెత్తగా, బీడీకి పనికొచ్చేలా వస్తుంది. నిజానికి ఫిబ్రవరి, మార్చిలో పొదలను కత్తితో నరికితే అంతకన్నా మంచి ఆకు వస్తుంది. కానీ నరకడానికి మనుషులు కావాలి, వాళ్ళకి కూలి కావాలి. మేకలకి లేతగడ్డి కోసం పెట్టే నిప్పు, వేట కోసం పెట్టే నిప్పు, దారినపోయేవాడు పారేసిన బీడీ ముక్క, ఇవన్నీ ఉన్నాయి. వాటి గురించి ఎక్కువ చెప్పను. మూలం ఒకటే. చేతులు చెయ్యాల్సిన పని నిప్పు చేస్తోంది.

పెద్ద చెట్టుకి బెరడు మాడుతుంది, బతుకుతుంది. చచ్చేది మొలక. మద్ది, ఏగిస, గుగ్గిలం విత్తనాలు పడి జానెడు లేచిన పిల్లలన్నీ ఒక్క రాత్రిలో పోతాయి. ఏటా ఇలా పోతే ముప్పై ఏళ్ళకి అడవిలో తాతలు మిగులుతారు, మనవలుండరు. తర్వాత తొలకరి వస్తుంది. ఆకు దుప్పటి కాలిపోయిన నేల మీద వాన సూదుల్లా దిగుతుంది. పైమట్టి కొట్టుకుపోయి వాగులో, వాగులోంచి తాండులాలో చేరుతుంది. దల్లీ కొండ మీద మార్చిలో కాలిన ఆకు మన సెక్టారు కుళాయిలోని నీటికి సంబంధించిన విషయం. ఆ సంగతి అర్థం కావడానికి నాకు రిటైర్మెంటు దాకా పట్టింది. దానికి సిగ్గుపడుతున్నాను.

ఇప్పుడు మంట ఎక్కడ లేచిందో ఆకాశం నుంచే తెలుస్తుంది. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాల సమాచారం తీసుకుని బీట్ గార్డు ఫోనుకి సందేశం పంపుతుంది. ఒక రకం సెన్సరు నేలను కిలోమీటరు గడులుగా చూస్తుంది, ఇంకోటి 375 మీటర్ల గడులుగా. చాలా మంచి ఏర్పాటు. కానీ ఫోను మోగాక కొండెక్కేది మనిషే. 2022 మార్చిలో ఛత్తీస్‌గఢ్ అటవీ ఉద్యోగులు తమ కోరికల కోసం సమ్మెకి దిగారు. సరిగ్గా ఎండ ముదిరే వేళ. ఉపగ్రహాలు ఎప్పటిలాగే తిరిగాయి, సందేశాలు ఎప్పటిలాగే వచ్చాయి, అడవులు మాత్రం తగలబడ్డాయి. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని బిన్సర్ అభయారణ్యంలో మంటలార్పబోయి నలుగురు అక్కడికక్కడే కాలిపోయారు. వాళ్ళలో రోజుకూలీ ఉన్నాడు, కాలానుగుణంగా పెట్టుకునే ఫైర్ వాచరు ఉన్నాడు. మన కార్ఖానాలో వేడి దగ్గరికి వెళ్ళేవాడికి బూటు, కోటు, హెల్మెట్ ఇవ్వకపోతే మనం పని ఆపించేవాళ్ళం. అడవిలో మంట ముందు నిలబడేవాడు చెప్పులతో నిలబడుతున్నాడు.

ఇక్కడ నియోగి గారి దగ్గరికి వస్తాను. ఆయన పేరు చెప్పగానే చాలామందికి 1977 గుర్తొస్తుంది. ఆ ఏడాదే దల్లీ-రాజ్‌హరాలో ఆయన నాయకత్వంలో గని కార్మికుల సంఘం, ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రమిక్ సంఘ్, పుట్టింది, జూన్ 2, 3 తేదీల్లో పోలీసు కాల్పుల్లో 11 మంది చనిపోయారు. కొందరికి కార్మికులు తమ చందాలతో, తమ చేతులతో 1983లో నిలబెట్టుకున్న షహీద్ ఆస్పత్రి గుర్తొస్తుంది. నాకు ఇంకో రెండు విషయాలు ముఖ్యం.

మొదటిది యంత్రాల తగువు. దల్లీ గనులను పూర్తిగా యంత్రాలకి అప్పగిస్తామని అన్నప్పుడు, చేతులతో రాయి కొట్టే వేలమంది కాంట్రాక్టు కార్మికులు, వాళ్ళలో ఎంతోమంది ఆడవాళ్ళు, రోడ్డున పడే పరిస్థితి వచ్చింది. సంఘం యంత్రమే వద్దని అనలేదు. అర్ధ యాంత్రీకరణ అని ఒక ప్రణాళిక లెక్కలతో సహా ముందు పెట్టింది. మనిషి నడుము విరిచే పని యంత్రం చెయ్యాలి, మనిషి చేతిలోని ఉపాధి మనిషికే ఉండాలి అన్నది దాని సారం. ఇంజనీర్లు కూడా ఆ లెక్కలతో తలపడాల్సి వచ్చింది.

రెండోది అడవి. 'మీ అడవిని తెలుసుకోండి' అని సంఘం ఒక కార్యక్రమం పెట్టింది. రాజ్‌హరాలో యూనియన్ ఆఫీసు దగ్గరే రకరకాల స్థానిక చెట్లతో చిన్న వనం పెంచారు. గని కార్మికుడు తన పిల్లవాణ్ణి తీసుకెళ్ళి ఇది ఫలానా చెట్టు, దీని పువ్వు ఇలా ఉంటుంది అని చూపించేవాడు. పర్యావరణం మీద నియోగి రాశారు కూడా. అడవి, నీరు, గాలి చదువుకున్నవాళ్ళ సరదా కాదని, కార్మికుడి జీతంతో సమానమైన డిమాండని ఒక కార్మిక నాయకుడు ఈ గడ్డ మీద నలభై ఏళ్ళ కిందటే అన్నాడు.

ఆ రెండింటినీ కలిపితే మనకి కావలసింది వస్తుంది. అడవిలోనూ అర్ధ యాంత్రీకరణే సరైనది. మంట దాటకుండా ఆకులు తీసేసి ఉంచే గీతను, అంటే ఫైర్ లైన్‌ని, శుభ్రం చెయ్యడానికి ఇప్పుడు ఆకులు ఎగరగొట్టే బ్లోయర్లు వచ్చాయి. ఒకప్పుడు పదిమంది రోజంతా ఊడ్చే గీతను ఒకడు గంటల్లో ఊడుస్తాడు. ఆ బ్లోయరు ఎవరి చేతిలో ఉండాలి? కాంట్రాక్టరు చేతిలోనా, ఆ ఊరి కుర్రాడి చేతిలోనా? మిగిలిన తొమ్మిదిమందికి వేరే పని ఇస్తామా, పొమ్మంటామా?

పని లేదనడానికి వీల్లేదు. అడవిలో పన్నెండు నెలలూ పని ఉంది. నవంబరు నుంచి జనవరి వరకు ఫైర్ లైన్లు కొట్టడం, ఆ గీతల్లోని గడ్డిని జాగ్రత్తగా ముందే కాల్చెయ్యడం. ఫిబ్రవరి, మార్చిలో తునికి పొదలు నరకడం, ఇప్పచెట్ల కింద ఊడ్చడం, వలలు కట్టడం. వల మీద పడిన పువ్వుకి మట్టి అంటదు, ధర ఎక్కువ పలుకుతుంది, నిప్పు అవసరమే ఉండదు. ఏప్రిల్, మే కాపలా. తొలకరికి ముందే వాలు మీద కందకాలు, వాగుల్లో రాతి కట్టలు. వానల్లో మొక్కలు. వానలయ్యాక లంటానా కంపను వేళ్ళతో పెరకడం, ఎందుకంటే ఎండిన లంటానా పొద నేల మంటని కొమ్మ మీదికి ఎక్కించే నిచ్చెన. మళ్ళీ నవంబరు. నా లెక్కలో ఇది ఒక మనిషికి ఏడాది పొడవునా నిండుగా ఉన్న డ్యూటీ చార్టు.

ప్రభుత్వం ఇలాంటి పని ఇవ్వగలదా అని అడిగేవాళ్ళున్నారు. ఇచ్చింది. 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ అక్కడికి వచ్చారు. ఆ పథకంలో మనవాళ్ళు తవ్విన కందకాలు, ఊట కుంటలు రాయలసీమ ఎండు నేలలకి ఏం చేశాయో అక్కడి రైతుని అడగండి. అటవీ హక్కుల పట్టా ఉన్న గిరిజన కుటుంబాలకి 100 రోజుల మీద మరో 50 రోజులు కలిపారు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో కొత్త చట్టం చేసింది, హామీ 125 రోజులన్నారు. రోజులు పెరగడం నాకు సంతోషమే. కానీ 2025-26లో ఆంధ్ర, తెలంగాణల్లో రోజుకూలి 307 రూపాయలుంటే ఛత్తీస్‌గఢ్‌లో 261. దేశానికి ఉక్కు ఇచ్చే రాష్ట్రంలో మట్టి పనికి 46 రూపాయలు తక్కువ. పైగా రోజుల లెక్కన ఇచ్చే పని కందకానికి సరిపోతుంది. కాపలాకి సరిపోదు. 125 రోజులు ఫర్నేస్ చూసి మిగతా 240 రోజులు వదిలేస్తామా?

బయటి దేశాల్లోనూ చేసి చూశారు. 1933లో అమెరికాలో నిరుద్యోగం ఊళ్ళను మింగేస్తున్నప్పుడు రూజ్వెల్ట్ ప్రభుత్వం సివిలియన్ కన్జర్వేషన్ కోర్ పెట్టింది. తొమ్మిదేళ్ళలో దాదాపు 30 లక్షల మంది కుర్రాళ్ళు అందులో పనిచేశారు. సుమారు 300 కోట్ల మొక్కలు నాటారు, ఫైర్ లైన్లు కొట్టారు, కాపలా బురుజులు కట్టారు. నెలకి 30 డాలర్ల జీతంలో 25 డాలర్లు నేరుగా ఇంటికి వెళ్ళేవి. మా నాన్న మనియార్డర్లు గుర్తొస్తాయి నాకు. నల్లవారిని వేరే శిబిరాల్లో పెట్టారన్నది దాని మచ్చ. యుద్ధం రాగానే 1942లో మూసేశారన్నది దాని లోపం. దక్షిణాఫ్రికా 1995లో నీళ్ళు తాగేసే పరాయి చెట్లను నరకడానికి పేదలకి పని ఇచ్చింది, 2003 నుంచి నిరుద్యోగ యువతనే తీసుకుని మంటలార్పే దళాలుగా తయారు చేసింది. బూటూ కోటూ శిక్షణా ఇచ్చి మరీ.

అంత దూరం ఎందుకు, నల్లమలకి వెళ్ళండి. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో బేస్ క్యాంపుల్లో కాపలా కాసేవాళ్ళు చెంచులు. పులి అడుగు చూసి ఎప్పటిదో చెప్పగలరు, పొగ వాసన చూసి ఏ లోయలోదో చెప్పగలరు. ఆ చదువు ఏ కాలేజీలోనూ లేదు. అదే ఆంధ్రలో ఊరివాళ్ళే అడవిని కాసే వన సంరక్షణ సమితులకి ప్రాజెక్టు డబ్బు ఉన్నన్నాళ్ళు ఊరూరా అడవి చిగురించింది, డబ్బు ఆగాక చాలా సమితులు కాగితాల మీద మిగిలాయి. నాకు ఆ రెండు అనుభవాలూ ఒకటే చెబుతున్నాయి. మనవాళ్ళకి చేతకాక కాదు, పని మధ్యలో ఆగిపోవడమే జబ్బు.

మన గుమ్మంలోని ఉదాహరణ కూడా చూడండి. మన కార్ఖానాకి సున్నపురాయి ఇచ్చిన నందిని గనుల్లో, తవ్వి వదిలేసిన నేల మీద 2021 ప్రాంతంలో అడవి పెంచడం మొదలుపెట్టారు. ఎనభై వేలకు పైగా మొక్కలు నాటామని ప్రభుత్వం చెప్పింది. గోతుల్లో నిలిచిన నీళ్ళకి చలికాలంలో పక్షులు దిగుతున్నాయి. మీరు పిల్లల్ని తీసుకెళ్ళి చూడండి, మనసు నిండుతుంది. అయితే ఒక్క ప్రశ్న వేసుకోండి. నాటేటప్పుడు అంతమంది కూలీలున్నారు, పదేళ్ళ తర్వాత మార్చిలో ఆ ఆకుల మధ్య ఎవరుంటారు?

మొన్న ఒక మిత్రుడు నన్ను గట్టిగా నిలదీశాడు. నిప్పు పెట్టేది ఊరివాళ్ళే, మళ్ళీ వాళ్ళకే జీతమా అన్నాడు. నాకు బెంగాల్‌లోని అరబారీ గుర్తొచ్చింది. 1970ల మొదట్లో అక్కడి అటవీ అధికారి అజిత్ కుమార్ బెనర్జీ 11 ఊళ్ళవాళ్ళతో ఒప్పందం చేసుకున్నాడు. పుల్లలు కొట్టి అమ్ముకునేవాళ్ళకే మొక్కలు పెంచే పని ఇచ్చాడు, చెట్ల ఆదాయంలో నాలుగో వంతు మీదేనన్నాడు. మోడైపోయిన గుగ్గిలం అడవి లేచి నిలబడింది. దేశమంతటా ఉమ్మడి అటవీ యాజమాన్యానికి అదే విత్తనం. ఆ గోండు అవ్వకి ఇద్దరు ఊడ్చేవాళ్ళు దొరికితే ఆమె అగ్గిపుల్ల తియ్యదు. నేను ఆమె ముఖం చూసి చెబుతున్నాను.

డబ్బు లేదని ఎవరూ అనకూడదు. 2019 ఆగస్టులో అడవుల నష్టపరిహార నిధి, అంటే కాంపా డబ్బు, కేంద్రం రాష్ట్రాలకి పంచినప్పుడు ఒక్క ఛత్తీస్‌గఢ్‌కి వచ్చింది 5,791 కోట్లు. అది అడవి తీసుకున్నందుకు కట్టిన సొమ్ము. 2015 గనుల చట్ట సవరణతో ప్రతి గని జిల్లాలోనూ జిల్లా ఖనిజ నిధి ఏర్పడింది. పాత లీజుల మీద రాయల్టీలో 30 శాతం, వేలంలో వచ్చిన లీజుల మీద 10 శాతం దానికి జమ అవుతుంది. పర్యావరణ రక్షణకి ఖర్చు పెట్టమని ఆ నిధి నియమాల్లోనే రాసి ఉంది. దల్లీ రాయి టన్ను కదిలినప్పుడల్లా బాలోద్ జిల్లా నిధిలో రూపాయలు పడుతున్నాయి. ఆ డబ్బుతో గోడలు కట్టొచ్చు, వీధి దీపాలు పెట్టొచ్చు, ప్రారంభోత్సవాలు చెయ్యొచ్చు. అడవి కాపలాదారుకి పన్నెండు నెలల జీతం కూడా ఇవ్వొచ్చు. దానికి రిబ్బను కత్తిరించే అవకాశం ఉండదు, అందుకే ఎవరికీ గుర్తురాదు.

మనలో చాలామందిమి ఈ ఊరికి పరాయివాళ్ళంగా వచ్చాం. శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి, విశాఖ నుంచి రేకు పెట్టెలతో పవర్ హౌస్ స్టేషన్లో దిగిన మన తాతతండ్రులకి ఈ నేల పర్మినెంటు ఉద్యోగం ఇచ్చింది. క్వార్టరు, పీఎఫ్, ఆస్పత్రి ఇచ్చింది. మన పిల్లలు ఆ జీతాల మీదే చదువుకుని హైదరాబాద్‌కీ అమెరికాకీ వెళ్ళారు. ఈ ఉక్కు ఎవరి కొండలోంచి వచ్చిందో ఆ కొండ ఊళ్ళలోని కుర్రాళ్ళు ఈ రోజుకీ కాంట్రాక్టు మస్టర్లలో, నాలుగు నెలల వాచరు పనుల్లో ఉన్నారు. వాళ్ళకి మనం బాకీ ఉన్నాం.

తలుపు దగ్గర బల్ల మీద బాలోద్ జిల్లా యంత్రాంగానికి రాసిన వినతిపత్రం ఉంది. అందులో అడిగినవి మూడే. అడవి అంచున ఉన్న ప్రతి ఊరిలో గ్రామసభ ఎంచిన పదిమందికి, వాళ్ళలో సగం మంది ఆడవాళ్ళు ఉండేలా, ఏడాది పొడవునా అడవి పని ఇవ్వాలి. జీతం జిల్లా ఖనిజ నిధి నుంచి రావాలి. మంట దగ్గరికి వెళ్ళే ప్రతి మనిషికీ బూటు, కోటు, బీమా ఉండాలి. తెలుగులోనూ హిందీలోనూ ఉంది, పూర్తిగా చదవండి. ఒప్పుకుంటే మీ పేరు, టోకెన్ నంబరు రాసి సంతకం పెట్టండి. రిటైరైనవాళ్ళు పాత నంబరే రాయండి.